తొమ్మిదో నంబరు నిద్ర

డాక్టర్ జ్ఞానానందం గారికి నిద్ర ఎప్పుడూ ఒక సమస్య కాలేదు. తలగడ మీద తల ఆనేలోపే నిద్ర వచ్చేసేది. తలగడ లేకపోయినా వచ్చేది. నర్సీపట్నంలో విశాఖపట్నం బస్సు ఎక్కితే తాళ్ళపాలెం జంక్షను ఎప్పుడు వచ్చిందో ఆయనకు ఎన్నడూ తెలియదు. చర్చిలో మూడో వరస బెంచీ ఆయనది. పాస్టరు గారు ప్రసంగం మొదలుపెట్టి కళ్ళజోడు సర్దుకునేసరికి డాక్టరు గారి గడ్డం ఛాతీని తాకేది. ఒకసారి ఆసుపత్రిలో ఒక రైతు గుండెల మీద స్టెతస్కోపు ఆనించి, ఊపిరి గట్టిగా పీల్చమని చెప్పి, ఆయనే ఒక కునుకు తీశారు. డాక్టరు గారు ఆపమనలేదు కదా అని ఆ రైతు కళ్ళు తిరిగేదాకా పీలుస్తూనే ఉన్నాడు.

ఊళ్ళో దీన్ని ఎవరూ తప్పు పట్టలేదు. పైగా గౌరవంగానే చెప్పుకునేవారు. "మనసులో కల్మషం నేనోడికి అలాగే వస్తాది నిద్ర. మా డాట్రుబాబు సిన్నపిల్లోడిలాగ పడుకుండిపోతారు," అనేది ధనమ్మ. ఆవిడ ఆ ఆసుపత్రిలో ఇరవై ఏళ్ళుగా నర్సు. డాక్టరు గారు కూడా లోలోపల అదే నమ్మేవారు. మంచి నిద్ర దేవుడు ఇచ్చిన బహుమానమనీ, ఆ బహుమానం పంచిపెట్టేటప్పుడు తాను వరసలో బాగా ముందు నిలబడ్డాననీ ఆయన అభిప్రాయం.

అందుకే నిద్ర పట్టడం లేదని వచ్చే రోగుల్ని ఆయన పెద్దగా నమ్మేవారు కాదు. కోటవురట్ల నుంచి అప్పయమ్మ నెలకోసారి ఇదే ఫిర్యాదుతో వచ్చేది.

"కన్ను మూతపడ్డం నేదు బాబూ. ఏడాది అయిపోనాది."

"కష్టపడి పని చెయ్యి అప్పయమ్మా. చెరకు తోటకి వెళ్ళు. ఒళ్ళు అలిస్తే నిద్ర అదే వస్తాది."

"తోటకెల్తే ఒళ్ళు నొప్పులు బాబూ. ఒళ్ళు నొప్పులకే కదేటి నిద్ర పట్టనిది!"

డాక్టరు గారు బి-కాంప్లెక్సు బిళ్ళలు రాసి పంపేసేవారు.

అలాంటి మనిషిని వెతుక్కుంటూ రెండు వేల ఏడో సంవత్సరం వానాకాలంలో సూర్యప్రకాష్ అనే కుర్రవాడు వచ్చాడు. టై కట్టుకుని, చేతిలో ఖరీదైన బ్యాగు పట్టుకుని ఉన్నా, సొంతూరు రోలుగుంటే. చిన్నప్పుడు కుక్క కరిస్తే బొడ్డు చుట్టూ ఇంజెక్షన్లు చేసింది డాక్టరు గారేనని ముందుగా గుర్తు చేశాడు. ఆ తర్వాత వచ్చిన పని చెప్పాడు. విశాఖపట్నంలో కొత్తగా పెట్టిన ఒక హెల్త్ టెక్నాలజీ కంపెనీలో అతను మేనేజరు. ఆ కంపెనీ నిద్రను కొలిచే యంత్రం తయారుచేస్తోంది. ఛాతీకి కట్టుకునే బెల్టు, దానికి సబ్బుపెట్టె అంత డబ్బా. రాత్రి దాన్ని కట్టుకుని పడుకుంటే ఊపిరి, కదలిక, చప్పుడు అన్నీ అందులో నమోదవుతాయి. తెల్లారి చూస్తే చిన్న దీపం వెలుగుతుంది. బాగా నిద్రపోతే పచ్చ, ఓ మోస్తరుగా పోతే పసుపు, లేకపోతే ఎరుపు.

"మాకు మెడికల్ ఎక్స్‌పర్టులు ముగ్గురు సలహా చెప్పాలండి," అన్నాడు సూర్యప్రకాష్. "ఛైర్మన్‌గా న్యూరాలజిస్టు గారు ఒకాయన ఉన్నారు. ఊపిరితిత్తుల స్పెషలిస్టు డాక్టర్ ఏంజెలిన్ గారు ఉన్నారు. మూడోది రూరల్ ఎక్స్‌పర్టండి. ఫారంలో ఆ గడి ఒక్కటీ ఖాళీగా ఉండిపోయింది."

"నిద్ర గురించి నాకేటి తెలుసునయ్యా?" అన్నారు డాక్టరు గారు.

ఆ మాటల మధ్యలోనే ఆయన కళ్ళు రెండుసార్లు మూతపడి తెరుచుకోవడం సూర్యప్రకాష్ చూశాడు. "మీకు తెలిసినంత ఇంకెవరికి తెలుసండి?" అన్నాడు, ఏ వెటకారమూ లేకుండా.

డాక్టరు గారు వారం రోజులు ఆలోచించినట్టు కనపడి ఒప్పుకున్నారు. కంపెనీ వాళ్ళు విజిటింగు కార్డులు అచ్చువేసి పంపారు. ఆయన పెయింటరు గంగుల్ని పిలిపించి, ఆసుపత్రి బోర్డు మీద తన పేరు కింద 'నిద్ర నిపుణులు' అని ఎర్రరంగుతో రాయించారు. రెండు రోజులకే ఒక ముసలాయన బస్తా పట్టుకుని వచ్చి, బస్సు సాయంత్రానికి గానీ లేదనీ, అందాకా ఇక్కడ పడుకోనిస్తారా అనీ ధనమ్మను అడిగాడు.

డాక్టరు గారి భార్య ఎస్తర్ రాణి మిషను స్కూల్లో లెక్కల టీచరు. విజిటింగు కార్డు చేతిలోకి తీసుకుని, అద్దాలు పైకెత్తి చదివింది. ఆవిడ పెదవుల మీద చిన్న నవ్వు కదిలింది.

"ఎందుకు నవ్వుతున్నావు?"

"ఏమీ లేదండీ. బాగుంది. అక్షరాలు పెద్దగా వేశారు." కార్డును బైబిలు పక్కన పెట్టి, పరీక్ష పేపర్లు దిద్దుకోవడానికి వెళ్ళిపోయింది.

మొదటి సమావేశం విశాఖపట్నంలో కంపెనీ ఆఫీసులో జరిగింది. ఛైర్మన్ గారు మెదడులో నిద్ర ఎక్కడ పుడుతుందో బొమ్మ గీసి చూపించారు. తర్వాత పల్లెల పరిస్థితి చెప్పమని జ్ఞానానందం గారిని అడిగారు. ఆయన లేచి నిలబడి, గొంతు సవరించుకుని, ధాటిగా మాట్లాడారు. తమ వైపు జనానికి నిద్రజబ్బులు లేవనీ, జీడితోటల్లో, చెరకు మళ్ళలో పగలంతా చెమటోడ్చినవాడికి యంత్రం అక్కర్లేదనీ, ఉంటే గింటే పట్నంలోనే ఉంటాయనీ చెప్పారు. కంపెనీ యజమానికి ఈ మాట అంతగా నచ్చలేదు. యంత్రాలు పల్లెల్లో కూడా అమ్మాలని ఆయన ఆశ.

డాక్టర్ ఏంజెలిన్‌కు ముప్పై అయిదేళ్ళుంటాయేమో. అంతసేపూ ఏదో రాసుకుంటూ కూర్చున్నావిడ తల ఎత్తి అడిగింది. "గురక సంగతేమిటి సార్? మీ పేషెంట్లలో ఉంటుందా?"

"ఎందుకుండదమ్మా? గాఢనిద్రకి గుర్తు కదా అది. మా ఇళ్ళల్లో గురక వినిపిస్తే పక్కవాళ్ళు నిశ్చింతగా ఉంటారు."

ఆవిడ ఆయన వంక ఒక క్షణం చూసింది. లావుపాటి మెడ, చొక్కా గుండీల దగ్గర బిగుతు, ఎర్రబారిన కళ్ళు. ఛైర్మన్ వైపు తిరిగి, "వాదన ఎందుకండీ, సార్ వాళ్ళ ఊళ్ళోనే పది మందికి కట్టి చూద్దాం," అంది.

అలా పది పెట్టెలు నర్సీపట్నం చేరాయి. పది రాత్రులు కట్టుకోవాలి, తర్వాత పెట్టెలు తిరిగి పంపాలి. పేర్లు రాయకూడదు, నంబర్లే. డాక్టరు గారు నమ్మకమైన మనుషుల్ని ఎంచి పంచారు. అసలు కష్టాలు మర్నాడు మొదలయ్యాయి. పచ్చదీపం వచ్చినవాళ్ళు గొప్పలు పోయారు. పసుపు వచ్చినవాళ్ళు పచ్చ కోసం ప్రయత్నిస్తూ రాత్రంతా కళ్ళు గట్టిగా మూసుకుని మేలుకునే ఉన్నారు. దాంతో ఎరుపు వచ్చింది. అప్పయమ్మకు మాత్రం మొదటి రోజే పచ్చ వెలిగింది. పెట్టెను కొంగులో మూట కట్టుకుని కోటవురట్ల నుంచి పొద్దున్నే దిగిపోయింది.

"ఇదేటి బాబూ, నాను పడుకున్నానని సెప్తంది? పడుకున్నానో నేదో నాకు తెలీదేటి? మా కోడలు ఆ దీపం సూసి, 'రేత్రి బాగా పడుకున్నావు గదత్తా, లెగు, తోటకి పోదాం' అంటంది!"

జీడిపప్పు వ్యాపారి మన్మథరావుకు ఎర్రదీపం వచ్చింది. బేరానికి బయలుదేరే వేళ ఎర్రదీపం ఎదురైతే అపశకునమని, ఆయన పెట్టెను పేపర్లో చుట్టి ఆ సాయంత్రమే తిరిగి పంపేశాడు. ఇంకో పెట్టె ధనమ్మకని అట్టేపెట్టారు. పక్కనే ముగ్గురు మనవలు పడుకుంటారు, బెల్టు పీకేస్తారు అని ఆవిడ తప్పుకుంది. తొమ్మిదో నంబరూ పదో నంబరూ బల్ల మీద మిగిలిపోయాయి.

"పోనీ మనం కట్టుకుందాం," అన్నారు డాక్టరు గారు ఇంట్లో.

ఎస్తర్ రాణి బెల్టు అందుకోలేదు. "నాకెందుకండీ ఇవన్నీ?"

"జబ్బు లేనివాళ్ళు కూడా ఒకరిద్దరు ఉండాలి. లేకపోతే పోల్చి చూడ్డానికి ఉండదు. నీకేటి, నువ్వు నార్మలు."

"నేను నార్మలా?"

"కాకపోతే? ఏనాడైనా తలనొప్పని అన్నావా?"

ఆవిడ బెల్టు అందుకుంది. ఫారాలు డాక్టరు గారే నింపారు. తొమ్మిదో నంబరు: స్త్రీ, యాభై ఏళ్ళు, ఉపాధ్యాయిని, ఫిర్యాదులు లేవు. పదో నంబరు: పురుషుడు, యాభై ఏడు, వృత్తినిపుణుడు, అత్యుత్తమమైన నిద్ర. ఈ రెండు ఫారాల్లో దేనికీ ఆయనకు ఎవరినీ అడగాల్సిన అవసరం కనిపించలేదు.

తెల్లారి చూస్తే రెండు పెట్టెల మీదా ఎర్రదీపాలే.

డాక్టరు గారు బ్యాటరీలు మార్చారు. మర్నాడూ ఎరుపే. తన పెట్టె ఆవిడకు, ఆవిడ పెట్టె తనకు మార్చి కట్టారు. మళ్ళీ ఎరుపే. అప్పుడాయన శాస్త్రీయంగా ఒక నిర్ణయానికి వచ్చారు. నంబర్లు మళ్ళీ సరిచేసి, మిగిలిన రాత్రులు కట్టుకుని, పెట్టెలు పంపేటప్పుడు పైన ఒక ఉత్తరం పెట్టారు. తొమ్మిది, పది నంబర్ల యంత్రాలు లోపభూయిష్ఠమైనవి, వాటిని లెక్కలోకి తీసుకోవద్దని నిపుణుడి హోదాలో సలహా ఇచ్చారు.

రెండో సమావేశం నవంబరులో, బీచిరోడ్డు మీద ఒక పెద్ద హోటల్లో పెట్టారు. భోజనాలున్నాయి, కుటుంబాలతో రావాలి అన్నారు. రెండో శనివారం కావడంతో ఎస్తర్ రాణి కూడా వచ్చింది. సముద్రం కాసేపు చూసి, హాల్లో చివరి వరసలో ఏసీ గాలి నేరుగా తగలని చోట కుర్చీ చూసుకుని, సంచిలోంచి యూనిట్ టెస్టు పేపర్లు తీసి దిద్దుకోవడం మొదలుపెట్టింది. డాక్టరు గారు ముందు, నిపుణుల బల్ల దగ్గర కూర్చున్నారు. ఆయన ముందు పేరు రాసిన అట్ట, నీళ్ళ సీసా ఉన్నాయి.

భోజనంలో బిర్యానీ బాగుంది. ఆ తర్వాత దీపాలు ఆర్పి తెర మీద బొమ్మలు వేశారు. డాక్టర్ ఏంజెలిన్ ఒకటో నంబరు నుంచి చెప్పుకుంటూ వచ్చింది. ఎనిమిదో నంబరు దాకా జ్ఞానానందం గారికి గుర్తుంది. ఆ పైన జరిగినదంతా తర్వాత సూర్యప్రకాష్ చెప్పగా విన్నదే.

"తొమ్మిది, పది నంబర్లు పాడైపోయాయని సార్ రాశారు," అందట ఏంజెలిన్. "పాడవలేదండీ. ఈ పది పెట్టెల్లోకీ బాగా పనిచేసినవి ఈ రెండే. చూడండి, ఈ ఇద్దరూ ఒకే గదిలో పడుకున్నారు. పదో నంబరు ఆయన ఇక్కడ గురక పెడుతున్నాడు. ఇక్కడ ఊపిరి ఆగిపోయింది. ఇరవై రెండు సెకన్లు. సరిగ్గా ఇక్కడ తొమ్మిదో నంబరు ఆవిడ లేచింది. ఇక్కడ ఆయన్ని కదిపింది. ఇక్కడ ఆయన ఊపిరి తీసుకున్నాడు. రాత్రికి యాభై, అరవైసార్లు ఇదే వరస. ఆవిడ గురకకి లేవడం లేదు, గమనించండి. గురక ఆగినప్పుడు లేస్తోంది."

"తొమ్మిదో నంబరుకి ఉన్న జబ్బేమిటి మరి?" అని ఛైర్మన్ గారు అడిగారట.

"జబ్బేమీ లేదండీ. కాపలా."

అని, పదో నంబరు పెట్టెలో దొరికిన చప్పుడు వినిపించమని చెప్పింది. మైకుల్లోంచి గురక మొదలైంది. రెండు నిమిషాలకు అందరికీ అనుమానం వచ్చింది. మైకుల్లోంచి ఒకటి వస్తుంటే, దానికి జతగా ఇంకొకటి హాల్లోంచి వస్తోంది. అదే స్థాయి, అదే లయ. మైకులు ఆపమని ఏంజెలిన్ చెయ్యి ఎత్తింది. అవి ఆగిపోయాయి. నిపుణుల బల్ల దగ్గర గురక సాగుతూనే ఉంది. తర్వాత అది కూడా టక్కున ఆగిపోయింది.

ఎవరికీ ఏం చెయ్యాలో తోచకముందే చివరి వరసలో కుర్చీ కదిలిన చప్పుడైంది. పేపర్లు నేల మీద పడ్డాయి. ఎస్తర్ రాణి చీకట్లో కుర్చీల మధ్య నుంచి గబగబా నడుచుకుంటూ వచ్చి, భర్త భుజం మీద చెయ్యి వేసి, అలవాటైన పద్ధతిలో పక్కకి ఒంచి, ఒక్కసారి కదిపింది.

డాక్టరు గారికి మెలకువ వచ్చింది. ముందు తెల్లారిందేమో అనుకున్నారు. హాలంతా తన వైపే చూస్తోంది. సరిగ్గా అప్పుడు ఎవరి చెయ్యి తగిలిందో, మైకుల్లో గురక మళ్ళీ అందుకుంది. ఆయన చుట్టూ చూసి, నొచ్చుకుంటున్నట్టుగా ముఖం పెట్టి, "ఎవరండీ అది, ఇంత ఘోరంగా?" అని అడిగారు.

హాలు పగలబడి నవ్వింది. ఛైర్మన్ గారు కూడా కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. నవ్వనివాళ్ళు ఇద్దరే, ఎస్తర్ రాణి, ఏంజెలిన్.

దీపాలు వేశారు. ఏంజెలిన్ దగ్గరకు వచ్చింది. "అమ్మా, తొమ్మిదో నంబరు మీరేనా?"

ఎస్తర్ రాణి చెప్పవచ్చా అన్నట్టు ముందు భర్త వంక చూసింది. తర్వాత, "అవునండీ," అంది.

"ఎన్నాళ్ళ నుంచి ఇలా లేస్తున్నారు?"

"మా పెద్దమ్మాయి పుట్టిన ఏడాది నుంచి. ఇరవై నాలుగేళ్ళు. మొదట్లో రెండు మూడుసార్లే. ఇప్పుడు ఎక్కువైంది."

"సార్‌కి చెప్పలేదా?"

"ఒకసారి చెప్పానండీ. గురక గాఢనిద్రకి గుర్తు అన్నారు. డాక్టరు కదా, తెలిసే అంటారు అనుకున్నాను."

ఆ మాటలో నిష్ఠూరమేమీ లేదు. లెక్క ఎక్కడ తప్పిందో పిల్లలకు చూపించే గొంతుతోనే చెప్పింది. డాక్టరు గారికి బల్ల మీదున్న తన పేరు అట్టను బోర్లా పెట్టాలనిపించింది. చెయ్యి రాలేదు.

ఏంజెలిన్ ఆవిడ చెయ్యి పట్టుకుంది. "మీరు లేపకపోయినా మామూలుగా ఊపిరి దానంతట అదే తిరిగి వస్తుందమ్మా. సార్‌కి వైద్యం చెయ్యాలి, అది వేరే విషయం. కానీ ప్రతిసారీ మీరు లేవక్కర్లేదు."

ఎస్తర్ రాణి కళ్ళ కింద నల్లని చారల్ని ఇన్నేళ్ళలో మొదటిసారి చూస్తున్నట్టు డాక్టరు గారు చూస్తున్నారు. అవి కళ్ళజోడు వల్ల వచ్చినవని ఆయన ఇంతకాలం అనుకున్నారు.

"ఆ సంగతి నాకెవరూ చెప్పలేదండీ," అంది ఆవిడ చివరికి.

అందరికంటే సంతోషించినవాడు కంపెనీ యజమాని. సలహా చెప్పడానికి వచ్చిన నిపుణుడి జబ్బునే యంత్రం పట్టేసిందంటే ఇంతకు మించిన ప్రచారం ఏముంటుంది? పెట్టె అట్ట మీద దంపతుల ఫొటో వేస్తానన్నాడు. ఆయన గురక పెడుతున్నట్టు, ఆవిడ చిరునవ్వుతో చూస్తున్నట్టు ఉండాలట. సూర్యప్రకాష్ అప్పుడే కెమెరా కోసం పరిగెత్తాడు. ఎస్తర్ రాణి కింద పడిన పేపర్లు ఏరుకుంటూ, "ఫొటోలు వద్దు బాబూ," అని మర్యాదగానే చెప్పింది. ఆ గొంతుకు తొమ్మిదో తరగతి 'బి' సెక్షను మొత్తం కిక్కురుమనకుండా కూర్చుంటుంది. సూర్యప్రకాష్ కెమెరా దాచేశాడు.

ముగిసేముందు రివాజు ప్రకారం ముగ్గురు నిపుణుల్నీ సలహాలు అడిగారు. జ్ఞానానందం గారి వంతు వచ్చింది. ఈసారి ఆయన లేచి నిలబడలేదు.

"ఫారంలో ఇంకొక్క ప్రశ్న పెట్టండి. మీ పక్కన పడుకునేవాళ్ళు ఏం చెప్తున్నారు, అని. ముందు అది అడిగి, తర్వాత బెల్టు కట్టండి."

కంపెనీ యజమాని నవ్వాడు. "అది అడిగేస్తే ఇక మా మిషను ఎందుకండీ డాక్టరు గారూ?"

డాక్టర్ ఏంజెలిన్ ఒక్కతే ఆ ప్రశ్నను తన నోటుపుస్తకంలో రాసుకుంది. సలహా పరిశీలనలో ఉందని సమావేశం మినిట్స్‌లో రాశారు. అది ఎన్నడూ పరిశీలన దాటి బయటకు రాలేదు.

తిరుగు బస్సులో డాక్టరు గారు కిటికీ పక్క సీటు భార్యకు ఇచ్చి, కళ్ళు విప్పార్చుకుని కూర్చున్నారు. అనకాపల్లి దాటింది.

"పడుకోండి, పర్లేదు," అంది ఆవిడ.

"నువ్వు పడుకో."

ఇద్దరూ పడుకోలేదు. బెల్లం బస్తాల లారీ ఒకటి ముందు అడ్డంగా నడుస్తోంది. డ్రైవరు హారను కొడుతూనే ఉన్నాడు.

"ఆ ఒక్కసారి చెప్పి ఊరుకున్నావు. ఇంకోసారి చెప్పకూడదేటి?" అన్నారు ఆయన, కోప్పడుతున్నట్టు మొదలుపెట్టి, చివరికి వచ్చేసరికి గొంతు తగ్గించి.

"పేషెంట్లు ఒకే మాట రెండోసారి చెప్తే మీరు విసుక్కుంటారు కదండీ."

తాళ్ళపాలెం జంక్షను ఎలా ఉంటుందో ఆ సాయంత్రం డాక్టరు గారు మొదటిసారి చూశారు. అక్కడ ఒక టీ కొట్టు, పంచర్ల షాపు ఉన్నాయి.

తర్వాత జరగవలసిన వైద్యం జరిగింది. డాక్టర్ ఏంజెలిన్ పరీక్షలు చేసి, రాత్రిళ్ళు ముక్కుకు తగిలించుకుని పడుకోవడానికి మాస్కు, దానికి గొట్టం, గాలి ఊదే యంత్రం ఇప్పించింది. బరువు తగ్గమంది. ఆయన బిర్యానీ మానేశారు. పొద్దున్నే స్టేడియం చుట్టూ నడిచేవారు. కరెంటు పోతే యంత్రం ఆగకుండా ఇన్వర్టరు పెట్టించారు. "మా డాట్రుబాబు తొండం తగిలించుకుని పడుకుంటన్నారు," అని ధనమ్మ నమ్మకస్తులకు మాత్రమే చెప్పింది. అంటే ఊరందరికీ తెలిసింది. నెల తిరక్కముందే డాక్టరు గారికి పగలు కునుకు రావడం మానేసింది. పాస్టరు గారి ప్రసంగం మొత్తం విన్నారు. అది ఇంత పొడుగుంటుందని ఆయన ఊహించలేదు.

గురక పోయింది. ఊపిరి ఆగడం పోయింది. కానీ ఎస్తర్ రాణికి నిద్ర రాలేదు.

"ఇప్పుడేటి మరి? చప్పుడు లేదు కదా?" అని అడిగారు ఆయన ఒక పొద్దున్న కాఫీ తాగుతూ.

"చప్పుడు లేకే కదండీ. చప్పుడు ఉన్నంతసేపూ ఉన్నారని తెలిసేది. ఇప్పుడు ఏమీ వినపడదు. లేచి చూసుకోవాల్సొస్తోంది."

నిద్ర నిపుణుడికి దీనికి మందు తెలియలేదు. ఏంజెలిన్‌కు ఫోను చేస్తే, ఇరవై నాలుగేళ్ళ అలవాటు సార్, బిళ్ళలతో పోదు, కొంతకాలం పడుతుంది అంది. ఆయన ఏదో ఒకటి చెయ్యాలి కదా అని మంచం పక్కన ఉన్న గొట్టాన్ని లాగి, భార్య పడుకునే వైపుగా వచ్చేలా తిప్పి పెట్టారు. ఆవిడ పడుకుని దాని మీద చెయ్యి వేసుకుంటే, లోపల గాలి కదులుతున్నట్టు వేళ్ళకు తెలిసేది. అది ఏ పుస్తకంలోనూ లేని వైద్యం. చెయ్యి జారిపోయినప్పుడు ఆవిడ లేచేది. మళ్ళీ వేసుకునేది. డిసెంబరు, జనవరి అలాగే గడిచాయి.

ఈలోగా ఆసుపత్రిలో పద్ధతి మారింది. నిద్ర సరిగా లేదని ఎవరొచ్చినా, "రాత్రి నీ పక్కన ఎవరు పడుకుంటారు? ఈసారి వాళ్ళని తీసుకురా," అనడం మొదలుపెట్టారు డాక్టరు గారు. దీంతో వరండాలో రద్దీ రెట్టింపైంది. మొగుళ్ళు తలలు దించుకుని కూర్చుంటే పెళ్ళాలు వరసగా చెప్పేవారు. కొన్ని చోట్ల తారుమారుగా ఉండేది. అప్పయమ్మను కూడా అదే అడిగారు.

"నా పక్కన ఎవులు పడుకుంటారు బాబూ, నా మొగుడు పోయి పదేళ్ళయింది. పాకలో గేది పడుకుంటాది. తెమ్మంటే తెస్తాను."

"వద్దులే," అన్నారు ఆయన. కానీ ఈసారి బి-కాంప్లెక్సు రాయలేదు. కుర్చీ చూపించి కూర్చోమన్నారు. పదేళ్ళుగా ఆ పాకలో ఒక్కతే పడుకుని ఆవిడ ఏమేం ఆలోచిస్తుందో అడిగి, ముప్పావుగంట విన్నారు. చెప్పడం అయ్యాక అప్పయమ్మ కొంగుతో ముఖం తుడుచుకుని, ఇన్నాళ్ళకు మందు బాగా పనిచేసింది బాబూ అని వెళ్ళిపోయింది. ఏ మందూ ఇవ్వలేదని ఆయన చెప్పబోయి మానుకున్నారు.

ఆ కంపెనీ మరో ఏడాది నడిచింది. ఎర్రదీపాల వల్ల నిద్ర చెడిపోతోందని కొన్నవాళ్ళు పెట్టెలు తిప్పి పంపేశారు. కంపెనీ నిద్రను వదిలేసి నడకను కొలిచే యంత్రాలు మొదలుపెట్టింది. కొత్త బోర్డులోకి రమ్మని సూర్యప్రకాష్ మళ్ళీ వచ్చాడు. "నడకలో కూడా రూరల్ గడి ఉందండి," అన్నాడు. డాక్టరు గారు టీ ఇప్పించి, రోలుగుంటలో వాళ్ళ అమ్మగారి మోకాళ్ళ నొప్పుల గురించి అడిగి, పంపేశారు.

కంపెనీ సంగతి అలా ఉంచితే, ఆ జనవరి దాటి వచ్చిన ఫిబ్రవరిలోనే ఒక ఆదివారం డాక్టరు గారు ఆరింటికి లేచి మాస్కు తీసి పక్కకు చూశారు. ఎస్తర్ రాణి గోడ వైపు తిరిగి పడుకుని ఉంది. చెయ్యి గొట్టం మీద లేదు. తలగడ కింద ఉంది. మామూలుగా ఆ వేళకు ఆవిడ స్నానం కూడా అయిపోయేది. ఆయన కంగారుగా వంగి చూశారు. ఊపిరి నెమ్మదిగా, నిండుగా వస్తోంది, పోతోంది. నోరు కొంచెం తెరుచుకుని ఉంది. ఆయన అలాగే కాసేపు వింటూ నిలబడ్డారు. తర్వాత తలుపు చేరవేసి, చెప్పులు చేత్తో పట్టుకుని బయటకు వచ్చారు.

ఏడింటికి ఆకుకూరలమ్మే సోమలమ్మ వీధి మొగలోంచే "తోటకూర, బచ్చలికూరా!" అని అరుచుకుంటూ వచ్చింది. లుంగీ మీదున్న డాక్టరు గారు గేటు దాకా పరిగెత్తి, నోటి మీద వేలు పెట్టారు.

"ఏటి బాబూ? అమ్మగారికి ఒంట్లో బాగోనేదా?"

"పడుకుంది."

"ఏడింటికా?" సోమలమ్మ బుగ్గలు నొక్కుకుంది. ఆవిడ నోరు మూయించడానికి ఆయన తోటకూర కట్టలు ఉన్నవన్నీ కొనేశారు. పాలవాడిని వెనక గుమ్మానికి పంపారు. పక్కింటివాళ్ళు టీవీ పెడితే గోడ మీంచి చెయ్యి ఊపి సౌండు తగ్గించమన్నారు. చర్చి గంట మొదటిసారి మోగింది, రెండోసారి మోగింది. దాన్ని మాత్రం ఆయన ఏమీ చెయ్యలేకపోయారు.

తొమ్మిదిన్నరకు ఎస్తర్ రాణి జుట్టు ముడేసుకుంటూ గాభరాగా గుమ్మంలోకి వచ్చింది.

"ఇదేంటండీ, ఇంత పొద్దెక్కింది! లేపలేదేం? ఆరాధన అయిపోయి ఉంటుంది. పాస్టరు గారు అడిగితే ఏం చెప్తారు?"

"నిద్రపోయిందని చెప్తాను."

"బాగానే ఉంది! సిగ్గు కాదూ?" అంటూ వంటింట్లోకి నడిచి, బల్ల మీద కొండలా ఉన్న తోటకూర చూసి ఆగిపోయింది. "ఇంత ఎందుకండీ? ఎవరు తింటారిది?"

ఆయన కాఫీ గ్లాసు తెచ్చి ఇచ్చారు. ఆయనే కలిపారు. డికాక్షను ఎక్కువై, పంచదార అడుగున ఉండిపోయింది. ఆవిడ నిలబడే రెండు గుక్కలు తాగింది. కిటికీలోంచి ఎండను చూసింది, గోడ గడియారాన్ని చూసింది, ఇంకా ఏదో చెయ్యాల్సి ఉందన్నట్టు అటూ ఇటూ చూసింది. తర్వాత సగం గ్లాసు బల్ల మీద పెట్టేసి, "ఇంకో గంట," అని లోపలికి వెళ్ళి మళ్ళీ పడుకుంది.